పిట్టగోడ ఎక్కిన పైపు

కార్తీకమాసం వచ్చి తెల్లవారుజామున చలి మొదలయ్యాక బందరులోనూ గుడివాడలోనూ అవనిగడ్డలోనూ తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది. డాబా మీద సోలార్ హీటరు ఉంది. పక్కన స్టాండు మీద ట్యాంకు నిండా నీళ్లున్నాయి. నిన్నంతా ఎండ బాగానే కాసింది. స్నానాల గదిలో చన్నీళ్ల ట్యాప్ తిప్పితే ధారగా పడుతున్నాయి. వేడినీళ్ల ట్యాప్ తిప్పితే మాత్రం ముందు బుస్సుమంటుంది, తర్వాత తుంపర్లు చిమ్ముతుంది, ఆపైన సన్నటి ధార వచ్చి అదీ ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు హీటరు పోయిందనుకుంటారు. కొత్తది వేయించుకోమని చెప్పేవాళ్లు కూడా త్వరగానే దొరుకుతారు.

ఇలాంటప్పుడు హీటరు పోయినట్టు కాదు. ఎండకు వేడెక్కడం దాని పని, ఆ పని అది చేస్తూనే ఉంది. పైకెక్కి ట్యాంకు దగ్గర పైపు తాకి చూస్తే చెయ్యి చురుక్కుమంటుంది. నీళ్లు వేడిగానే ఉన్నాయి, కిందకి రావడానికి దారే లేదు. దారిలో గాలి అడ్డుపడింది. మన ప్లంబర్లు దీన్ని గాలి పట్టడం అంటారు, ఎయిర్ లాక్ అనీ అంటారు. కనబడని గాలి మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటిని ఎలా ఆపగలుగుతుందో ఒకసారి అర్థమైతే, ఈ రిపేరు సగం మనమే చేసుకోవచ్చు. అనవసరంగా హీటర్లు మార్చే ఖర్చూ తప్పుతుంది.

గుడివాడలో మా పెద్దమ్మ ఇంట్లో ఇదే జరిగింది. "నీళ్లు పైన ఉన్నాయి, ట్యాపు కింద ఉంది. దిగడానికి దానికేం రోగంరా?" అని అడిగిందావిడ. న్యాయమైన ప్రశ్నే. జవాబు డాబా మీద కనబడింది. సోలార్ ట్యాంకు నుంచి వేడినీళ్ల పైపు డాబా నేల దాకా దిగి, నేల మీదుగా గోడ దాకా వెళ్లి, అక్కడ మూడడుగుల పిట్టగోడ ఎక్కి, అవతల గోడవెంట కిందకి దిగింది. పిట్టగోడ నెత్తిన పైపు రెండు ముక్కలు కలిపే యూనియన్ ఉంది. ప్లంబరు రెంచితో దాన్ని అర చుట్టు వదులు చేశాడు. కొన్ని సెకన్ల పాటు సన్నగా ఈలలాంటి చప్పుడు వచ్చింది. తర్వాత ఆ సందులోంచి నీళ్లు, గాలి బుడగలు కలిసి చిమ్మాయి. ఆ తర్వాత ఉత్త నీళ్లే. యూనియన్ మళ్లీ బిగించేసరికి కింద బకెట్లో ధార పడుతోంది.

నీరు పల్లానికి పారుతుందని అందరికీ తెలుసు. పైపు నిండా నీరే ఉన్నంతవరకు, ట్యాంకులో నీటిమట్టం కంటే పైకి పోనంతవరకు, పైపు మధ్యలో ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఇబ్బంది లేదు. ఎక్కేటప్పుడు పోయిన ఒత్తిడి దిగేటప్పుడు తిరిగి వస్తుంది. కానీ దిగే భాగంలో నీటి బదులు గాలి నిలబడితే ఆ ఒత్తిడి తిరిగి రాదు. ఒత్తిడి పుట్టేది పైనున్న దాని బరువు వల్ల. గాలి బరువు నీటి బరువులో సుమారు 800వ వంతు. అంటే మీటరు నిలువు పైపులో గాలి చేరితే మీటరు ఎత్తు నీటి ఒత్తిడి పోయినట్టే లెక్క. రెండుచోట్ల చేరితే రెండు మీటర్లు పోతుంది. ఈ నష్టాలు ఒకదానికొకటి కలుస్తాయి, అదే దీనిలో అసలు చిక్కు.

ఒక అంతస్తు ఇంటికి లెక్క వేద్దాం. చన్నీళ్ల ట్యాంకులో నీటిమట్టానికీ కింద షవర్‌కూ మధ్య మూడున్నర మీటర్ల ఎత్తు ఉందనుకోండి. చదరపు సెంటీమీటరుకు 350 గ్రాముల ఒత్తిడి. మున్సిపల్ పైపుతోనో ప్రెషర్ పంపుతోనో పోలిస్తే ఇది చాలా తక్కువ. పైపు పిట్టగోడ దగ్గర ఒకసారి, గుమ్మం మీదుగా వంటింటి వైపు తిరిగేచోట ఒకసారి, స్నానాల గది అటక దగ్గర ఇంకోసారి ఎక్కి దిగిందనుకోండి. మూడుచోట్లా మీటరేసి గాలి నిలిస్తే మూడు మీటర్లు పోయింది. మిగిలిన అర మీటరు ఎల్బోల రాపిడికే సరిపోతుంది. చన్నీళ్ల లైను అదే ట్యాంకు నుంచి వస్తున్నా అది నేరుగా దిగుతుంది కాబట్టి నిక్షేపంగా పనిచేస్తుంది. అందుకే తప్పు హీటరు మీదకి పోతుంది.

నీరు ఆ గాలిని తనతో పాటు కిందకి తోసుకుపోవచ్చు కదా అనిపిస్తుంది. కొన్నిసార్లు తోసుకుపోతుంది కూడా. అది ధార వేగాన్ని బట్టి ఉంటుంది. నిలువు పైపులో పెద్ద బుడగ తనంతట తాను ఎంత వేగంతో పైకి లేస్తుందో డేవిస్, టేలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1950లో లెక్కగట్టారు. వాళ్ల సూత్రం ప్రకారం మన ఇళ్లలో వాడే ముప్పావు అంగుళం పైపులో ఆ వేగం సెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు. నీరు అంతకంటే నెమ్మదిగా దిగుతుంటే బుడగ పైకే పోతుంది, లేదా ఉన్నచోటే ఉంటుంది. అంతకంటే వేగంగా దిగితేనే దాన్ని కిందకి ఈడ్చుకుపోగలదు. ఆ వేగాన్ని నీళ్లలోకి మారిస్తే నిమిషానికి మూడు లీటర్లు. ఇరవై లీటర్ల బకెట్టు ఏడు నిమిషాల లోపు నిండుతుంటే గాలి దానంతటదే కొట్టుకుపోయే అవకాశం ఉంది. పావుగంట పడుతుంటే మాత్రం ట్యాప్ ఎంతసేపు తెరిచి ఉంచినా లాభం ఉండదు. చాలామంది చేసేది అదే, సన్నధారను అలా వదిలేసి కూర్చోవడం.

ఇంతకీ ఆ గాలి ఎక్కడిది? మన ప్రాంతంలో మొదటి జవాబు కాలువల దగ్గరే ఉంది. కృష్ణా డెల్టా చివర, సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. తాగడానికీ వాడుకకూ కాలువ నీరే ఆధారం. ప్రకాశం బ్యారేజి దగ్గర వదిలిన నీరు తూర్పు డెల్టా కాలువల్లో ఇటు వస్తుంది. దివిసీమకైతే పులిగడ్డ అక్విడక్టు మీదుగా నది పాయ దాటి వెళ్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పటిదాకా నింపుకున్న మంచినీటి చెరువులు, బందరుకైతే తరకటూరు నిల్వ చెరువు, ఊళ్లను ఆదుకోవాలి. సరఫరా గంటల లెక్కన వస్తుంది. ఒక్కోరోజు డాబా మీద ట్యాంకు పూర్తిగా ఖాళీ అయిపోతుంది. అలా ఖాళీ అయిన ప్రతిసారీ దాని కింద పైపుల్లోకి గాలి వెళ్తుంది. మళ్లీ నీళ్లు ఎక్కించినప్పుడు తిన్నగా దిగే పైపులో గాలి పైకి పోతుంది, ఎక్కి దిగే పైపులో వంపుల నెత్తిన చిక్కుకుంటుంది. వేసవిలో వేడినీళ్ల ట్యాప్ జోలికి ఎవరూ పోరు. కార్తీక స్నానాల వేళ తిప్పితే అప్పుడు బయటపడుతుంది.

రెండో జవాబు నీటిలోనే ఉంది. మామూలు నీటిలో గాలి కరిగి ఉంటుంది, చేపలు బతికేది దానివల్లే. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాములకు కాస్త పైగా ఆక్సిజన్ కరగగలదు. 60 డిగ్రీలకు వచ్చేసరికి అది ఇంచుమించు సగం అవుతుంది. నైట్రోజన్‌దీ ఇదే దారి. 200 లీటర్ల సోలార్ ట్యాంకు చల్లటి కొత్తనీటితో నిండి ఎండకు కాగితే సుమారు లీటరున్నర గాలి బయటపడుతుంది. ముప్పావు అంగుళం పైపు మీటరుకు పట్టేది లీటరులో మూడోవంతు లోపే. ఒక్క ట్యాంకు నీటిలోంచి వచ్చే గాలి నాలుగైదు మీటర్ల పైపు నింపడానికి చాలు. అంటే ట్యాంకు ఎన్నడూ ఖాళీ కాకపోయినా, ఎక్కడా లీకు లేకపోయినా, వేడినీళ్ల వ్యవస్థలో గాలి రోజూ పుడుతూనే ఉంటుంది. పుట్టే గాలిని ఆపలేం, పోయే దారి చూపించడమే చేయగలం.

పాతకాలపు రాగి బాయిలరులో ఈ బెడద లేకపోవడానికి కారణం ఇదే. మధ్యలో నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్లు, పైన మూత, కింద ట్యాపు. నీటిలోంచి వచ్చిన గాలి మూత సందులోంచి ఎటో పోయేది. ఒత్తిడి తెలిసేది కాదు, ఎయిర్ లాక్ అనే మాటే ఉండేది కాదు. నీటిని మూసిన పైపుల్లో, దూరాలకు, ఎత్తుపల్లాల మీదుగా పంపడం మొదలుపెట్టాకే ఈ జబ్బు ఇళ్లలోకి వచ్చింది.

సోలార్‌లో రెండు రకాలున్నాయి. గాజు గొట్టాలు నేరుగా ట్యాంకులోకి దిగేవి ఒకటి. వాటిలో వేడినీరు అదే గొట్టంలో పైకెక్కుతుంది, మధ్యలో వేరే పైపు లేదు. నల్లటి పలక పెట్టె ఉండేది రెండోది. అక్కడ పలకలో వేడెక్కిన నీరు తేలికై ట్యాంకులోకి ఎక్కుతుంది, ట్యాంకు అడుగునున్న చల్లటి నీరు పలకలోకి దిగుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఇంతకీ ఆ తోపు ఎంతో చూడండి. 40 డిగ్రీల నీరు ఘనపు మీటరు 992 కిలోలు, 60 డిగ్రీలది 983 కిలోలు. మీటరు ఎత్తు తేడాకు 9 మిల్లీమీటర్ల నీటిమట్టం పాటి తోపు, అంతే. అంత సుకుమారమైన ప్రవాహానికి పలకకూ ట్యాంకుకూ మధ్య పైపులో చిన్న వంపు, దానిలో గుప్పెడు గాలి చాలు, రోజంతా ఎండ కాసినా ట్యాంకులో నీరు చల్లగానే ఉంటుంది. నా మట్టుకు ఈ 9 మిల్లీమీటర్ల లెక్క ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆశ్చర్యమైనది. పలక నుంచి ట్యాంకుకు పోయే పైపు మొదటి నుంచి చివరి దాకా ఎక్కుతూనే ఉండాలని తయారీదార్లు పట్టుబట్టేది అందుకే.

ఇదే గాలి పొలంలో మోటారునూ ఆపుతుంది. దివిసీమ ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద పల్చగా తేలే మంచినీటిని ఫిల్టర్ పాయింట్లతో తోడుకునే రైతుకు ప్రైమింగ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మోటారు తిరుగుతుంది, నీళ్లు రావు. ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని పైపు ఖాళీ అయి ఉంటుంది, లేదా మోటారు గాలి లాగుతూ ఉంటుంది. పంపులో చక్రం తిరిగి తన లోపల ఉన్నదాన్ని బయటికి విసురుతుంది. ఎంత ఒత్తిడి పుడుతుందన్నది విసిరేదాని బరువు మీద ఆధారపడుతుంది. నీటిని 20 మీటర్ల ఎత్తుకు తోయగల పంపు లోపల గాలే ఉంటే, అదే వేగంతో తిరిగినా రెండున్నర సెంటీమీటర్ల నీటిని లేపే ఒత్తిడే పుట్టించగలదు. అందుకే ముందు బిందెతో నీళ్లు పోసి నింపాలి. లీకు వెతకడంలో జనం పొరబడేదీ ఇక్కడే. మోటారుకు అవతల లీకుంటే నీరు కారుతుంది, కంటికి కనబడుతుంది. మోటారుకు ముందున్న పైపులో లీకుంటే చుక్క కూడా బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. పొడిగా ఉన్న జాయింటును మంచిదనుకుంటాం. మోటారు నడుస్తుండగా జాయింట్ల మీద సబ్బునురగ రాసి చూస్తే, నురగను లోపలికి లాక్కునే చోటే దోషం.

ఊరి పైపులైనుకూ ఇదే సంగతి. బందరు చుట్టుపక్కల నేల బల్లపరుపు, కొండా లేదు గుట్టా లేదు. పైపులైను ఎత్తెక్కేది కాలువ దాటేచోటే. అక్కడ వంతెన పక్కన పైపు పైకి లేచి అవతల దిగుతుంది. గాలి ఆ నెత్తిన చేరుతుంది కాబట్టి అక్కడే ఎయిర్ వాల్వ్ పెడతారు. ఇనుప గుండు లాంటి మూత, లోపల తేలే బంతి. గాలి ఉంటే బంతి కిందకి జారి దారి ఇస్తుంది, నీరు వస్తే లేచి మూసేస్తుంది. చాలా ఊళ్లలో ఆ వాల్వ్ దగ్గర నీళ్లు చిమ్ముతుంటాయి, బిందెలు పెట్టి పట్టుకుంటారు. నీటి ఎద్దడి ఉన్నచోట అది తప్పని నేను అనలేను. కానీ వాల్వ్‌ను రాయితో కొట్టి ఊడదీస్తే, సరఫరా ఆగిన వేళ లైను లోపలికి లాక్కునేది బయటి గాలినొక్కదాన్నే కాదు. వాల్వ్ చుట్టూ నిలిచిన మురికినీరు కూడా లోపలికే పోతుంది, మర్నాడు అది అందరి ఇళ్లకూ చేరుతుంది.

మన డెల్టా పిల్లలు లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఇల్లు తీసుకుంటే ఈ గాలి అక్కడా ఎదురవుతుంది. అక్కడ ఇంటి బాయిలరు స్నానానికే కాదు, గదులు వెచ్చబరచడానికి కూడా. కాగిన నీరు పైపుల్లో తిరిగి గోడకున్న రేడియేటర్లను వేడి చేస్తుంది. రేడియేటరు అడుగు వేడిగా ఉండి పైభాగం చల్లగా ఉంటే పైన గాలి చేరిందని అర్థం. ముందు హీటింగు ఆపి చల్లారనివ్వాలి. పై మూలనున్న చిన్న మరను తాళంచెవితో పావు చుట్టు తిప్పి గాలి వదిలేయాలి, నీరు రాగానే బిగించాలి. గాలి పోయాక ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి గేజి చూసి, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్యకు మళ్లీ నీరు నింపాలి. నెలకోసారి ఇదే చేయాల్సి వస్తుంటే రేడియేటరులో వస్తున్నది గాలి కాకపోవచ్చు. లోపల ఇనుము తుప్పు పడుతుంటే హైడ్రోజన్ పుడుతుంది, అది మండే వాయువు. కాబట్టి అక్కడ నిప్పు పనికిరాదు. బాయిలరు మూత తీసి లోపలి గ్యాస్ భాగాలను ముట్టుకోవడానికి ఆ దేశంలో గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవాళ్లకే అర్హత.

మళ్లీ బందరుకు వద్దాం. ధార తగ్గిన ప్రతిసారీ గాలే కారణం కాదు. మన బోరునీటిలో ఉప్పుతో పాటు సున్నపు లవణాలు కూడా ఎక్కువ. కాగినకొద్దీ అవి పైపులోపల, గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకుంటాయి. రెండిటినీ వేరుచేయడం కష్టం కాదు. పేరుకోవడం నెలల తరబడి జరుగుతుంది, ధార కొంచెం కొంచెంగా సన్నబడుతుంది, తుంపర్లు చిమ్మదు. గాలి ఒక్కపూటలో పడుతుంది. నిన్నటిదాకా బాగా వచ్చి, ట్యాంకు ఖాళీ అయిన మర్నాడు ఆగిపోతే అది గాలే. ఒకే ట్యాపులో తగ్గితే ముందు దాని జల్లెడ విప్పి కడగండి. ఇంటి మొత్తం వేడినీళ్ల ట్యాపులు తగ్గితేనే లైను సంగతి చూడాలి.

గాలి అని తేలితే, పిట్టగోడ మీద యూనియన్ లేని ఇంట్లోనూ ఒక ఉపాయం ఉంది. వేడి, చన్నీళ్లు కలిసే మిక్సర్ ట్యాపు ఉంటే దాని మూతిని గట్టిగా మూసి రెండు వైపులా తెరవండి. చన్నీళ్ల వైపు నీరు నిండుగా ఉంది, వేడి వైపు గాలి వల్ల ఒత్తిడి పోయింది. కాబట్టి చన్నీరు వేడినీళ్ల పైపులోకి వెనక్కి ఎక్కి గాలిని ట్యాంకు వైపు తోసేస్తుంది. రెండు మూడు నిమిషాలు ఉంచి చూడాలి. మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఈ ఉపాయం పారదు. ఏది చేసినా పొద్దున్నే, నీరు చల్లగా ఉన్నప్పుడే చేయండి. మధ్యాహ్నం ఎండలో సోలార్ నీరు 60 డిగ్రీలు దాటి ఉండవచ్చు, ఆ వేడి కొద్ది సెకన్లలో చర్మాన్ని కాలుస్తుంది.

ఇవన్నీ ఆ పూటకు గడిపే మార్గాలు. వంపు ఉన్నంతకాలం గాలి మళ్లీ చేరుతుంది. సరైన మందు రెండు రకాలు. ఒకటి, పైపు పిట్టగోడ ఎక్కకుండా గోడ అడుగున రంధ్రం చేసి తిన్నగా కిందకి దించడం. రెండోది, వంపు తప్పనిచోట దాని నెత్తిన ఒక టీ వేసి నిలువు పైపు పెట్టడం. ఆ పైపు మూతి చన్నీళ్ల ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తున, తెరిచి ఉండాలి.

సోలార్ ట్యాంకు మీదున్న వెంట్ పైపుదీ ఇదే సూత్రం, దాని గురించి గట్టిగా చెప్పాలి. అందులోంచి నీరు కారుతోందని కొందరు దానికి బిరడా కొట్టేస్తారు. నీరు కారుతోందంటే ఆ పైపు పొట్టిదైందని అర్థం, ఇంకో రెండడుగులు పెంచితే సరిపోతుంది. 200 లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు కాగితే మూడు లీటర్లకు పైగా పెరుగుతుంది. చన్నీళ్ల వైపు నాన్ రిటర్న్ వాల్వ్ ఉండి, పైన వెంట్ మూసేస్తే ఆ మూడు లీటర్లు ఎటు పోవాలి? ఆ ఒత్తిడంతా ట్యాంకు అతుకుల మీద పడుతుంది. చన్నీళ్లు అయిపోయి ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడు సంగతి తిరగబడుతుంది. లోపలికి గాలి రాక శూన్యం ఏర్పడి పల్చటి లోపలి డ్రమ్ము సొట్టపడుతుంది. కరెంటు గీజరుకుండే సేఫ్టీ వాల్వ్ అప్పుడప్పుడు చుక్కలు రాల్చినా దానికీ బిరడా కొట్టకూడదు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక మనవి. పిట్టగోడ లేచేలోపే మేస్త్రీనీ ప్లంబర్నీ ఒకచోట నిలబెట్టి, సోలార్ పెట్టే చోటు ఏదో, వేడినీళ్ల పైపు గోడను ఎక్కడ దాటాలో డాబా నేల దగ్గర సుద్దతో గుర్తు పెట్టించండి. అక్కడ అంగుళమున్నర పైపు ముక్క ఒకటి గోడలో వదిలేయమనండి. కట్టిన గోడకు తర్వాత రంధ్రం కొట్టిస్తే వాననీరు దిగుతుందని భయపడి పైపును గోడ ఎక్కిస్తారు. ఇప్పటికే ఇల్లు ఉన్నవాళ్లు ఒకసారి డాబా ఎక్కి వేడినీళ్ల పైపు వెంట ట్యాంకు నుంచి గోడ దాకా నడవండి. ఎక్కి దిగేచోటు కనబడితే ఈ చలికాలం లోపే అక్కడ ఒక నిలువు వెంట్ పెట్టించండి. వెంట్‌కు బిరడా ఉంటే ఈ రోజే తీయించండి.